నురగ రావాలి, ముఖం లాగకూడదు

మా అమ్మాయి విశాఖలో రుషికొండ ఐటీ హిల్స్‌లో పని చేస్తుంది. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా ఏసీలోనే. ముఖం కడుక్కున్న కాసేపటికే బుగ్గలు లాగేస్తున్నాయని, నవ్వితే చర్మం చిట్లేలా ఉందని అనేది. ముక్కు పక్కన సన్నగా పొట్టు లేచేది. నురగ రాని క్రీము క్లెన్సర్లు తెచ్చిస్తే కొన్నాళ్లు వాడి పక్కన పెట్టేసేది. "సన్‌స్క్రీన్ అస్సలు పోవట్లేదమ్మా, జిడ్డు జిడ్డుగానే ఉంటోంది" అని దాని బాధ. నేను ఆంధ్రా యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివి, ఇంటర్ పిల్లలకు అదే చెబుతున్నాను. సబ్బు మురికిని ఎలా వదిలిస్తుందో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి వివరించేదాన్ని, ఇంట్లో పిల్లకి పడే ఫేస్‌వాష్ చేసి ఇవ్వాలనిపించింది. నురగ నిండుగా రావాలి, కడిగాక ముఖం లాగకూడదు. ఈ రెండే షరతులు పెట్టుకున్నాను.

నురగ ఎక్కువ వస్తే చర్మం ఎండిపోతుందని చాలామంది అంటారు. నా అనుభవంలో ఆ రెండిటికీ అంత నేరుగా సంబంధం లేదు. నురగ అంటే పల్చటి నీటి పొరల మధ్య చిక్కుకున్న గాలి. ముఖాన్ని ఎండబెట్టేది ఆ గాలి కాదు, ఆ నీటిలో ఉన్న సర్ఫాక్టెంట్ (జిడ్డునీ మురికినీ వదిలించే పదార్థం) ఏ రకందీ, ఎంత ఉందీ, దాని పీహెచ్ (ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) ఎంతా అన్నవే. సోడియం లారిల్ సల్ఫేట్ అనే సర్ఫాక్టెంట్ బాగా నురుగుతుంది, చర్మాన్ని బాగా ఇబ్బంది పెడుతుంది కూడా. రెండూ ఒకేచోట కనిపించేసరికి తప్పంతా నురగ మీద పడింది.

సర్ఫాక్టెంట్ అణువుకి నీటిని ఇష్టపడే తల, నూనెని ఇష్టపడే తోక ఉంటాయి. నీటిలో ఒక మోతాదు దాటాక ఈ అణువులు తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి గుంపులు కడతాయి. వాటినే మైసెల్స్ అంటాం. ఏ గుంపులోనూ చేరకుండా విడిగా తిరిగే అణువులు కొన్ని మిగులుతాయి. చర్మం పైపొరలోకి తేలిగ్గా చొరబడేవి ఇవే. రుణావేశం ఉన్న తల అయితే అక్కడి కెరటిన్ ప్రోటీన్‌కి అతుక్కుంటుంది, ప్రోటీన్ ఉబ్బుతుంది. ముఖం తుడుచుకున్నాక ఆ నీరంతా గబగబా ఆవిరైపోతుంటే ఉబ్బిన పొర ఒక్కసారిగా ముడుచుకుంటుంది. మా అమ్మాయి లాగుతోంది అనేది దాన్నే. దీనికి తోడు, చర్మం కణాల మధ్య నీటిని పట్టి ఉంచే కొవ్వులు కూడా కొంత కడుక్కుపోతాయి.

సాదా సబ్బు కథ వేరు. దాని పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. ముఖం చర్మం 5కి అటూ ఇటూ ఉంటుంది. సబ్బుతో కడిగాక చర్మం తన పీహెచ్‌కి తాను తిరిగి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. పైగా మాది మధురవాడ, అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు. గీజరు విప్పితే రాడ్డు మీద తెల్లగా పొర కట్టి ఉంటుంది. అలాంటి నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారుతుంది. బకెట్ అంచున పేరుకునే ఆ తెట్టు కొంత చర్మం మీదా ఉండిపోతుంది. అందుకని సబ్బు ఆధారంగా చేసే ఫేస్‌వాష్ ఆలోచన ముందే మానుకున్నాను.

మా అత్తయ్య భీమిలి ఆవిడ. బీకర్లు, సీసాలు టేబుల్ మీద పరిచిన రోజున వచ్చి చూసి, "ఏటమ్మా ఇదంతా? సున్నిపిండి ఉండగా ఈ మందులన్నీ ఏటికి?" అన్నారు.

"మీ మనవరాలి ముఖానికి రుద్దుడు పడట్లేదు అత్తయ్యా, పొట్టు లేస్తోంది" అన్నాను.

"అయితే కుంకుడుకాయ చూడు. అదీ నురగే కదా."

ఆవిడ మాట కొట్టేసేది కాదు. కుంకుడుకాయలో ఉండే సాపోనిన్లు నిజంగానే సర్ఫాక్టెంట్లు, రసం కాస్త ఆమ్లంగానే ఉంటుంది, నురగ కూడా చక్కగా వస్తుంది. గిరిజన కార్పొరేషన్ షాపులో మంచి కాయలు తెచ్చి, నానబెట్టి, వడకట్టి చూశాను. కళ్లలో పడితే మంట తట్టుకోలేం, రసం తొందరగా పులిసిపోతుంది, ఒక కాయకీ ఇంకో కాయకీ బలం ఒకేలా ఉండదు. ముఖానికి రోజూ వాడే వస్తువుకి ఈ మూడూ కుదరవు. మా ఇంట్లో తలంటుకి మాత్రం ఇప్పటికీ అదే.

ఇక సర్ఫాక్టెంట్ల సంగతి. వీటిని కొనేటప్పుడు చూడాల్సిన అసలు అంకె సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండదు. అమ్మేవాళ్లు ఇచ్చే అనాలిసిస్ సర్టిఫికెట్‌లో ఉంటుంది. అదే యాక్టివ్ శాతం. కోకామిడోప్రొపైల్ బీటైన్ మామూలుగా 30 శాతం యాక్టివ్‌తో వస్తుంది, మిగిలింది చాలావరకు నీరు, కొంచెం ఉప్పు. డెసైల్ గ్లూకోసైడ్ 50 శాతం దగ్గర ఉంటుంది. సోడియం లారాయిల్ సార్కోసినేట్ ద్రవం 30 శాతం. అంటే 10 గ్రాముల బీటైన్ పోస్తే అందులో పనిచేసే సరుకు 3 గ్రాములే. ఈ లెక్క వేయకుండా "అన్నీ తలా కాస్త" అని పోస్తే మనం ఎంత బలంగా చేశామో మనకే తెలియదు. సర్టిఫికెట్ ఇవ్వని వ్యాపారి దగ్గర నేను కొనను. ఎంత చవగ్గా ఇచ్చినా సరే.

ఒక్కటే సర్ఫాక్టెంట్ ఎక్కువగా వాడే కన్నా రెండు మూడు రకాలు కలిపితే చర్మానికి మేలు, దానికి కారణం ఉంది. రుణావేశం ఉన్న అణువుల తలలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కాబట్టి గుంపు కట్టడానికి ఇష్టపడవు. మధ్యలో బీటైన్ లాంటి, రెండు ఆవేశాలూ ఉన్న అణువు చేరితే ఆ నెట్టుకోవడం తగ్గుతుంది. తక్కువ మోతాదులోనే గుంపులు కడతాయి, విడిగా తిరిగేవి తగ్గిపోతాయి, చర్మంలోకి దూరేవీ తగ్గుతాయి. ఆవేశమే లేని గ్లూకోసైడ్ కూడా ఈ విషయంలో సాయం చేస్తుంది. షాంపూల్లోనూ ఫేస్‌వాషుల్లోనూ బీటైన్ పేరు తరచూ కనిపించేది అందుకే.

బీకర్లు, పీహెచ్ మీటరు, మిల్లీగ్రాముల త్రాసు ల్యాబ్ సామాన్ల షాపులో తెచ్చుకున్నాను. "కాలేజీ పేరు మీద బిల్లు రాయమంటారా మేడమ్?" అని అడిగాడు షాపతను. "లేదు బాబూ, ఇంటికే" అంటే కొలజాడీకి మూత కూడా వెతికి ఇచ్చాడు. ఆ మూత ఉన్న కొలజాడీయే తర్వాత నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. చేసిన ఫేస్‌వాష్ ఒక గ్రాము, మా బోరు నీళ్లు 99 గ్రాములు అందులో పోసి, మూత పెట్టి పదిసార్లు తలకిందులు చేస్తాను. నురగ ఎంత ఎత్తు లేచిందో గీత చూస్తాను, అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూస్తాను. తర్వాత ఒక చుక్క కొబ్బరినూనె వేసి మళ్లీ అదే పని. నూనె పడగానే గ్లూకోసైడ్ ఒక్కదానితో చేసిన నురగ పెద్ద పెద్ద బుడగలై చప్పున కూలిపోయేది. బీటైన్, సార్కోసినేట్ కలిసినప్పుడు బుడగలు చిన్నవిగా, దగ్గర దగ్గరగా ఉండి చాలాసేపు నిలిచేవి. ముఖం మీద ఉండేది కూడా జిడ్డే కాబట్టి, నూనె లేకుండా చేసే నురగ పరీక్ష నా దృష్టిలో సగం పరీక్షే.

సోడియం కోకాయిల్ ఐసెథియోనేట్ అనే పొడి మీద మొదట్లో నాకు చాలా ఆశ ఉండేది. మృదువైన సిండెట్ బిళ్లల్లో, అంటే సాదా సబ్బు కాకుండా ఇలాంటి సర్ఫాక్టెంట్లతో చేసే బిళ్లల్లో వాడేది అదే. నురగ వెన్నలా వస్తుంది. కాని అది పొడి, కాస్త గాలి తగిలినా లేస్తుంది, ముక్కులో పడితే తుమ్ములు ఆగవు, మాస్కు తప్పనిసరి. నీటిలో కరగాలంటే వేడి చేసి ఓపిగ్గా కలపాలి, చల్లారాక మళ్లీ తెల్లగా గట్టిపడుతుంది. చేతిలోకి తీసుకుని వాడే పేస్టుకి బ్రహ్మాండంగా ఉంటుంది. పల్చగా ఉండాల్సిన నా సీసాకి సరిపడలేదు.

ఆ సీసా గురించే ఎక్కువ చెప్పాలి. ఫోమర్ పంపు అని దొరుకుతుంది, హ్యాండ్‌వాష్‌లకు వస్తుంటుంది చూడండి, నొక్కితే నేరుగా నురగే బయటికి వచ్చే రకం. ఖాళీ అయిన పంపు ఒకటి విప్పి చూశాను. నొక్కినప్పుడు ద్రవం ఒక దారినుంచి, గాలి ఇంకో దారినుంచి వచ్చి లోపల ఒక చిన్న గదిలో కలుస్తాయి. ఆ రెండూ కలిసి సన్నటి జల్లెడ గుడ్డ గుండా బయటికి వస్తాయి. గుడ్డ రంధ్రాల వల్లే బుడగలన్నీ ఇంచుమించు ఒకే సైజులో, చాలా చిన్నగా ఉంటాయి. చేతుల్లో రుద్ది నురగ తెప్పించాలంటే ద్రవంలో యాక్టివ్ కాస్త ఎక్కువే కావాలి, 12 శాతం, 15 శాతం అలా. ఈ పంపులో సగం సరుకుతోనే అరచేయి నిండా నురగ వస్తుంది. అంటే మనకి కావలసిన నురగని మందు పెంచి కాకుండా గాలితో తెచ్చుకోవచ్చు. ఇది అర్థమైన రోజున నా నోట్‌బుక్‌లో అప్పటిదాకా వేసిన లెక్కలన్నీ పక్కనపెట్టి, మొత్తం యాక్టివ్ 7 శాతం దగ్గర ఆపి కొత్తగా మొదలుపెట్టాను. మా అమ్మాయి ముఖంలో మార్పు వచ్చింది ఆ తర్వాతే.

పంపుకి ఒక నియమం ఉంది, ద్రవం నీళ్లలా ఉండాలి. షాపులో దొరికే చాలా ఫేస్‌వాషులు చిక్కగా ఉండటానికి వాడేది మామూలు ఉప్పే, లారెత్ సల్ఫేట్ అనే సర్ఫాక్టెంట్, బీటైన్ కలిసినచోట ఉప్పు వేస్తే అది చిక్కబడుతుంది. చిక్కదనానికీ నాణ్యతకీ ఏ సంబంధమూ లేదు. నా మిశ్రమంలో చిక్కబరిచేది ఏదీ వేయకపోయినా ఒక ఇబ్బంది ఎదురైంది. సార్కోసినేట్, బీటైన్ కలిపి పీహెచ్ తగ్గిస్తూ పోతే 5 దగ్గరకి వచ్చేసరికి వాటంతట అవే చిక్కబడతాయి. సిట్రిక్ యాసిడ్ చుక్క చుక్కగా వేస్తూ కలుపుతుంటే గాజు కడ్డీ బరువెక్కడం చేతికి తెలుస్తుంది. అలా చిక్కబడిన ద్రవాన్ని ఫోమర్ సీసాలో పోస్తే నురగకి బదులు ఉమ్మిలా జారింది. అదే ద్రవం 5.5 దగ్గర ఆపితే హాయిగా నురగ వచ్చింది. అక్కడే స్థిరపడ్డాను.

ఇప్పుడు మా ఇంట్లో వాడుతున్న పాళ్లు చెబుతాను, 100 గ్రాములకి. డెసైల్ గ్లూకోసైడ్ 5 గ్రాములు, బీటైన్ 10, సార్కోసినేట్ 5. ఈ మూడిటి యాక్టివ్ 2.5, 3, 1.5, మొత్తం 7. తేమ కోసం గ్లిజరిన్ 4, పాంథెనాల్ 1. బోరు నీళ్ల కాల్షియాన్ని పట్టి ఉంచడానికి డైసోడియం ఈడీటీఏ 0.1. ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిపి అమ్మే ప్రిజర్వేటివ్ (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపేది) 1 గ్రాము. సిట్రిక్ యాసిడ్ ముందే 20 శాతం ద్రావణంగా చేసి పెట్టుకుని, పీహెచ్ 5.5 వచ్చేదాకా. మిగిలిందంతా డీమినరలైజ్డ్ నీరు, అంటే లవణాలు తీసేసిన నీరు. బ్యాటరీల్లో పోసే నీళ్లు మాత్రం వద్దు, అందులో సూక్ష్మజీవుల సంగతి ఎవరూ చూడరు. సువాసన, రంగు ఏమీ వేయలేదు, వేయను కూడా.

ముందు నీటిలో ఈడీటీఏ, గ్లిజరిన్, పాంథెనాల్ కరిగిస్తాను. డెసైల్ గ్లూకోసైడ్ లేత పాకంలా నెమ్మదిగా జారుతుంది, దాని పీహెచ్ 11 దాటి ఉంటుంది కాబట్టి చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు పెట్టుకోవాల్సిందే. ముఖానికి రాసుకునేదే కదా అని పచ్చి సరుకుని తేలిగ్గా తీసుకోకూడదు. తర్వాత బీటైన్, సార్కోసినేట్. బ్లెండరు పెట్టకుండా గాజు కడ్డీతో మెల్లగా కలపాలి, లేకపోతే బీకరు నిండా నురగే, పీహెచ్ మీటరు కూడా సరిగా చూపించదు. మీటరుని పీహెచ్ కచ్చితంగా 4, 7 ఉండే బఫర్ ద్రావణాలతో సరిచూసుకున్నాకే ముంచుతాను. ప్రిజర్వేటివ్ కలిపాక మళ్లీ ఒకసారి పీహెచ్ చూస్తాను. మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే పైనున్న నురగ దిగిపోయి, పొద్దున్నకి ద్రవం తేటగా ఉంటుంది.

ప్రిజర్వేటివ్ లేకుండా చేయొచ్చు కదా అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. చేయకూడదు. మన విశాఖ ఉక్కపోత, తడి బాత్రూమ్, సీసాలోకి ప్రతి నొక్కుకీ వెనక్కి వెళ్లే గాలి. ఫోమర్ పంపు ద్రవంలోకి గాలిని లాగుతుంది కాబట్టి దీనికి మామూలు సీసా కన్నా రక్షణ ఎక్కువ కావాలి. కొందరు సోడియం బెంజోయేట్ వేస్తారు. అది ఆమ్ల రూపంలో ఉన్నప్పుడే పనిచేస్తుంది, దాని పీకేఏ, అంటే సగం ఆమ్ల రూపంలో ఉండే పీహెచ్, 4.2. హెండర్సన్ సమీకరణం వేసి చూస్తే పీహెచ్ 5.5 దగ్గర ఆమ్ల రూపం 5 శాతమే మిగులుతుంది. అందుకే నేను ఫినాక్సీఇథనాల్ వైపు వెళ్లాను. యూరప్ నిబంధనల్లో దాని గరిష్ఠ పరిమితి 1 శాతం, అది దాటనివ్వను. డిప్ స్లైడ్లు (సూక్ష్మజీవులుంటే మచ్చలుగా పెరిగి కనిపించే పట్టీలు) తెప్పించి, వాడుతున్న సీసాలోంచే నమూనా తీసి చూస్తుంటాను. మచ్చలేవీ రాలేదు. అలాగని అది ల్యాబ్‌లో కావాలనే సూక్ష్మజీవుల్ని వేసి చూసే చాలెంజ్ టెస్ట్‌తో సమానం కాదు, కాబట్టి కొద్దికొద్దిగానే చేసి, సీసా మీద తేదీ రాసి, మూడు నెలలు దాటితే పారబోస్తాను.

ఇంట్లో అందరికీ బాగుంది అన్నంత మాత్రాన పొడిబార్చడం లేదని నమ్మలేం. మనది సముద్రపు గాలి. వేసవిలో మా బాల్కనీలో నిలబడి సబ్బుతో ముఖం కడిగినా పెద్దగా లాగదు, గాలిలోనే అంత తేమ ఉంటుంది, నీరు ఆవిరవదు. అదే ముఖం ఏసీ గదిలోకి వెళ్తే అసలు సంగతి బయటపడుతుంది. అందుకని మా అమ్మాయి చేత ఒక బుగ్గ పాత ఫేస్‌వాష్‌తో, ఇంకో బుగ్గ కొత్తదానితో కడిగించి, ఏ క్రీమూ రాయకుండా ఏసీ కింద కూర్చోబెట్టేదాన్ని. ఏది ఏ వైపో తనకి చెప్పేదాన్ని కాదు, రెండూ ఒకే రకం సీసాల్లో పోసి ఇచ్చేదాన్ని. అరగంట అయ్యాక బుగ్గల మీద చేయి వేసుకుని, "ఎడమవైపు లాగుతోందమ్మా, కుడివైపు కడిగినట్టే గుర్తులేదు" అంది. ఎడమవైపు రాసింది పాతదే. వైపులు మార్చి మళ్లీ చేసినా జవాబు మారలేదు. ముక్కు పక్కన పొట్టు కొన్ని వారాల్లో తగ్గింది. సన్‌స్క్రీన్ బాగా పట్టించిన రోజున మాత్రం ముందు రెండు చుక్కల నూనెతో తుడుచుకుని, తర్వాత దీనితో కడుక్కోమంటాను. 7 శాతంతో అన్నీ ఒకేసారి వదలాలంటే కుదరదు.

అందరికీ పడుతుందని నేను అనను. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2004లో కోకామిడోప్రొపైల్ బీటైన్‌ని, 2017లో గ్లూకోసైడ్లని ఆ ఏటి అలర్జీ కారకాలుగా ప్రకటించింది. రెండూ నా సీసాలో ఉన్నాయి. ఎక్కువమందికి ఏమీ చేయవు, కొందరికి మాత్రం దురద, ఎర్రదనం తెస్తాయి. కొబ్బరి నుంచి వచ్చింది, చక్కెర నుంచి వచ్చింది అని రాసి ఉన్నంత మాత్రాన అలర్జీ రాదనుకోకూడదు. మా ఇంట్లో ఎవరు వాడాలన్నా ముందు మోచేతి లోపలివైపు కొన్ని రోజులు రాసి చూశాకే ముఖానికి.

మా అమ్మాయి ఆఫీసులో పిల్లలు "ఆంటీ, డబ్బులిస్తాం, మాకూ చేసివ్వండి" అని అడుగుతున్నారు. వాళ్లకి పాళ్లు రాసి ఇచ్చాను గాని సీసాలు అమ్మలేదు. మన దేశంలో అమ్మడానికి కాస్మెటిక్ తయారు చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్స్ ఉండాలి, దానికి తగ్గ గది, పరికరాలు, పరీక్షలు ఉండాలి. వంటింటి పక్క టేబుల్ మీద చేసింది మా ఇంటి వరకే. ప్రస్తుతం మావారి కోసం సార్కోసినేట్ కాస్త పెంచి, మొత్తం యాక్టివ్ 9 శాతంతో ఇంకో రకం చేస్తున్నాను. ఆయనది జిడ్డు చర్మం, పైగా రోజూ బండి మీద గాజువాక దాకా వెళ్లొస్తారు. అది ఏసీ పరీక్షలో నిలబడితే ఆ పాళ్లు కూడా రాస్తాను.